చెప్పితిని గదా!



మన యిండ్లలోను, పొలము గట్లమీదను, సంఘపు పెద్దల కూటములలోను తరచుగా వినబడు మాట యొకటి కలదు. పని చెడిపోయిన తరువాత ఒకరు, "నేను చెప్పితిని గదా!" అందురు. రెండవవారు, "నాకట్లు వినబడలేదే!" అందురు. ఇద్దరును అబద్ధికులు కారు. చెప్పినవాడు నిజముగానే చెప్పెను. విన్నవాడు నిజముగానే వేరొక విధముగా వినెను. అయినను చేనిమీద మందు ఎక్కువపడి పైరు మాడిపోయెను, పెండ్లి దినమున బండి రాకపోయెను, అన్నదమ్ముల మధ్య పలుకులు నిలిచిపోయెను.

ఇందులో నొక ప్రశ్న కలదు. మాట నోటినుండి వెలువడిన క్షణముననే చెప్పినవాని ఋణము తీరిపోవునా? లేక అది విన్నవాని మనస్సులో సరిగా నాటుకొనువరకు ఆ భారము చెప్పినవాని భుజముమీదనే యుండునా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు. దీనికి మనమిచ్చు జవాబునుబట్టి కుటుంబములు నిలుచును, లేక విడిపోవును.

మేము ఈ సంగతిని విమానములు నడుపువారి వృత్తాంతములనుండి ఆలోచింపదలచితిమి. పల్లెవాసులమగు మనకు విమానములతో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. కారణమిది. మన యిండ్లలో ఎవరు ఏమనిరో వ్రాసియుంచువారు లేరు. జగడము వచ్చినప్పుడు ఎవరి జ్ఞాపకము వారిది. పెద్ద విమానములోనైతే పైలటుల మాటలను పట్టియుంచు యంత్రమొకటి యుండును. ప్రమాదము జరిగిన తరువాత విచారణ చేయువారు దానిని తీసి, ఎవరు ఏ క్షణమున ఏమి పలికిరో మాట వెంబడి మాటగా పరీక్షింతురు. మంచి మనుష్యుల మధ్య మాట ఎట్లు దారి తప్పునో అక్కడ చూచినంత స్పష్టముగా మరి యెక్కడను చూడలేము.

ఆ పని జరుగు విధమును మొదట తెలిసికొందము. విమానాశ్రయమున ఎత్తయిన కంట్రోలు టవరు ఉండును. అందులోని కంట్రోలరు, ఏ విమానము ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు దిగవలెనో రేడియోద్వారా చెప్పును. దూరముననున్న విమానములను రాడారు తెరమీద చూచుచు, ఎంత ఎత్తున పోవలెనో చెప్పు కంట్రోలరులును కలరు. ఒక కంట్రోలరు క్రిందనున్న విమానములన్నియు ఒకే రేడియో మార్గమును పంచుకొనును. మీట నొక్కి మాటలాడవలెను, మీట వదలి వినవలెను. మాటలాడుచున్నంతసేపు వినుటకు వీలులేదు. ఇద్దరు ఒకేసారి మీట నొక్కినయెడల ఇద్దరి మాటలును చెడి, కీచుమను ధ్వని బయలుదేరును. ఎదుటివాని ముఖము కనబడదు, చేసైగ కనబడదు. దేశదేశముల పైలటులు ఇంగ్లీషులోనే మాటలాడవలసివచ్చును. వారిలో అనేకులకు అది తల్లిభాష కాదు.

ఇన్ని చిక్కులున్నందున వారొక కట్టుబాటు చేసికొనిరి. కంట్రోలరు చెప్పిన ముఖ్యమైన ఆజ్ఞను పైలటు తిరిగి పలుకవలెను. ఆ పలికినదానిని కంట్రోలరు శ్రద్ధగా విని, తప్పున్నయెడల దిద్దవలెను. చెప్పుట, తిరిగి చెప్పుట, తిరిగి చెప్పినదానిని వినుట, ఈ మూడును జరిగినగాని ఆ ఆజ్ఞ పూర్తియైనట్లు కాదు. అక్షరముల విషయములోను వారు జాగ్రత్తపడిరి. ఇంగ్లీషులో బి, డి, పి అను అక్షరములు ఒకదానివలె నొకటి వినబడును గనుక, ఆల్ఫా, బ్రావో, చార్లీ అను మాటల వరుస 1956 మార్చి 1వ తేదీనుండి విమానయానములో అమలునకు వచ్చెను. తొమ్మిదిని 'నైన్' అనక 'నైనర్' అని పలుకవలెనని కూడ నియమించిరి. అయినను, ఇంత జాగ్రత్త యున్నచోటనే మాట తప్పిపోయిన దినములు కలవు.

1977 మార్చి 27వ తేదీన జరిగినది వాటిలో మిక్కిలి ఘోరమైనది. అట్లాంటిక్ సముద్రములో స్పెయిను దేశమునకు చెందిన కేనరీ దీవులు కలవు. ఆ దినమున గ్రాన్ కేనరియా దీవిలోని విమానాశ్రయమున బాంబు పేలుటచేత, అక్కడ దిగవలసిన విమానములను ప్రక్కనున్న టెనెరిఫె దీవికి మళ్లించిరి. టెనెరిఫెలోని ఆ విమానాశ్రయమునకు రన్‌వే ఒక్కటే. వచ్చిన విమానములతో ప్రక్కదారి నిండిపోయెను. అందుచేత హాలెండు దేశపు కె.ఎల్.ఎమ్. విమానమును, అమెరికా దేశపు పాన్ ఆమ్ విమానమును, రెండును బోయింగ్ 747లే, రన్‌వేమీదనే నడచిపోవలసి వచ్చెను. ఇంతలో పొగమంచు క్రమ్మెను. టవరులోనివారికి విమానములు కనబడవు. ఒక విమానము రెండవదానికి కనబడదు. నేలమీద తిరుగు విమానములను చూపు రాడారు అక్కడ లేదు. అందరికిని మిగిలిన కన్ను రేడియో ఒక్కటే.

హాలెండు విమానము కొసకు చేరి వెనుకకు తిరిగి నిలిచెను. కంట్రోలరు దానికి, గాలిలోనికి లేచిన తరువాత పోవలసిన త్రోవను చెప్పెను. లేచిపొమ్మని మాత్రము చెప్పలేదు. కో-పైలటు ఆ త్రోవను తిరిగి పలికి, చివరను 'మేమిప్పుడు టేకాఫ్ వద్ద నున్నాము' అను మాట నొకటి చేర్చెను. అప్పటికే వారి విమానము కదలుచుండెను. కంట్రోలరైతే, లేచుటకు సిద్ధముగా నిలిచియున్నారని గ్రహించెను. అతడు 'ఓకే' అని, ఒకటి రెండు క్షణములాగి, 'టేకాఫునకు కనిపెట్టుకొనుడి, నేను పిలిచెదను' అనెను. సరిగా ఆ వేళనే అమెరికా పైలటులు, 'మేమింకను రన్‌వేమీదనే నడచుచున్నాము' అని మీట నొక్కి చెప్పిరి. రెండు మాటలు ఒకదాని నొకటి చెరిపివేసెను. హాలెండు విమానములో తేటగా వినబడినది 'ఓకే' అను ఒక్క మాట. ఆ తరువాత కీచుమను ధ్వని. ప్రాణములను కాపాడగల మాటలు రెండును ఆ ధ్వనిలో మునిగిపోయెను.

అప్పటికిని ఒక ద్వారము తెరచియుండెను. టవరువారు అమెరికా విమానమును, రన్‌వే విడిచిన తరువాత తెలుపుమని అడుగుటయు, వారు అట్లే తెలిపెదమనుటయు హాలెండు విమానములోని ఇంజనీరు చెవిని బడెను. అతడు, ఆ విమానమింకను తొలగలేదా యని తన కెప్టెనును అడిగెను. కెప్టెను గట్టిగా, తొలగినది అనెను. ఆ కెప్టెను తన కంపెనీలో 747 విమానముల పైలటులకు శిక్షణనిచ్చు పెద్ద. ఇంజనీరు మరల అడుగలేదు. కొన్ని క్షణములలో రెండు విమానములు ఢీకొనెను. హాలెండు విమానములోని 248 మందిలో ఒక్కరును మిగులలేదు. అమెరికా విమానమునుండి 61 మంది మాత్రము బ్రదికిరి. మొత్తము 583 మంది చనిపోయిరి.

ఇందులో ఎవరు అబద్ధమాడిరి? ఎవరును ఆడలేదు. కంట్రోలరు చెప్పెను. కో-పైలటు తిరిగి పలికెను. అమెరికా పైలటులు హెచ్చరించిరి. ఇంజనీరు అడిగెను. అందరును 'చెప్పితిమి గదా' అనగలవారే. అయినను ఒకని మనస్సులోనున్నది ఇంకొకని మనస్సులోనికి దిగలేదు.

రెండవ సంగతి 1989 ఫిబ్రవరి 19వ తేదీన మలేషియా దేశపు కౌలాలంపూరు దగ్గర జరిగెను. సరకులు మోయు బోయింగ్ 747 ఒకటి సింగపూరునుండి వచ్చి దిగబోవుచుండెను. 2,400 అడుగుల ఎత్తునకు దిగుమని చెప్పుటకు కంట్రోలరు, 'దిగుడి, టూ ఫోర్ జీరో జీరో' అని అంకెలను విడివిడిగా పలికెను. ఇంగ్లీషులో రెండు అను అంకెయు, మన 'కు' విభక్తివంటి చిన్న మాటయు, రెండును 'టూ' అనియే వినబడును. పైలటులకు అది '400 అడుగులకు దిగుడి' అని తోచెను. వారు 'ఓకే, ఫోర్ జీరో జీరో' అని తిరిగి పలికిరి. కంట్రోలరు దానిని దిద్దలేదు. విమానము కొండను ఢీకొని, అందులోని నలుగురును మరణించిరి. రెండువేల అడుగుల భేదము ఒక్క చిన్న శబ్దములో నిమిడియుండెను. తిరిగి పలుకు కట్టుబాటు అక్కడ లేకపోలేదు. పలుకుట జరిగెను గాని, ఆ పలికినదానిని వినుట జరుగలేదు. మనము చెప్పినదానికి జవాబుగా ఎదుటివాడు ఏమి చెప్పినను, మనము చెప్పినదే చెప్పుచున్నాడని అనుకొనుట మనుష్య స్వభావము. మన చెవి తాను ఎదురుచూచుచున్నదానినే త్వరగా వినును.

మూడవది 1990 జనవరి 25వ తేదీన అమెరికాలోని న్యూయార్కు దగ్గర జరిగినది. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమునుండి వచ్చిన ఏవియాంకా కంపెనీ విమానమును, వాతావరణము బాగులేక, ఆకాశమునందే తిరుగుచుండుమని నిలిపిరి. అట్లు మొత్తము ఒక గంట 17 నిమిషములు నిలిపిరి. పెట్రోలు తరిగిపోవుచుండెను. కో-పైలటు, తమకు ముందుగా త్రోవ ఇయ్యవలెనని చెప్పెను. పెట్రోలు అయిపోవుచున్నదని కూడ చెప్పెను. గాని 'ఎమర్జెన్సీ' అను మాట, 'మేడే' అను మాట పలుకలేదు. ఆ మాటలు పలికినయెడల కంట్రోలరులు ఉన్న పనులన్నియు ప్రక్కకు నెట్టి వారికి దారి చేసియుందురు. ఒకసారి దిగ ప్రయత్నించి దిగలేక మరల పైకి లేచిన తరువాత కెప్టెను తన స్పానిష్ భాషలో, ఎమర్జెన్సీ యని చెప్పితివా యని అడిగెను. కో-పైలటు, చెప్పితినండి అనెను. కంట్రోలరు తాను ఇచ్చు త్రోవను చెప్పి, మీకును మీ పెట్రోలునకును ఇది సరిపోవునా యని అడిగినప్పుడు, సరిపోవుననుకొందును, మీకు వందనములు, అని మర్యాదగా జవాబిచ్చెను. కొలది నిమిషములలో పెట్రోలు అయిపోయి విమానము కూలెను. అందులోని 158 మందిలో 73 మంది చనిపోయిరి.

"చెప్పితినండి" అనిన ఆ మాటను గమనింపుడి. అతడు చెప్పినది నిజమే. పెట్రోలు సంగతి చెప్పెను. గాని ఎదుటివాడు లేచి పరుగెత్తవలసిన మాటను చెప్పలేదు. విచారణ చేసిన అమెరికా ప్రభుత్వపు మండలి, పైలటులు తమ అపాయమును తగిన మాటలతో తెలుపలేదని చెప్పుచు, అట్టి స్థితిని తెలుపుటకు అందరికిని ఒకేరీతిగా అర్థమగు మాటలు అప్పటికి ఏర్పడియుండలేదని కూడ చెప్పెను. రెండువైపులను తూచి చెప్పిన తీర్పది.

నాలుగవది మన దేశపు గడ్డమీదనే జరిగెను. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలమున ఢిల్లీనుండి సౌదీ అరేబియా విమానమొకటి లేచెను. గల్ఫు దేశములలో కూలిపనులకు పోవు మన దేశస్థులు అందులో అనేకులుండిరి. కజకిస్తాను దేశపు విమానమొకటి ఎదురుగా ఢిల్లీకి దిగివచ్చుచుండెను. లేచుచున్నదానిని 14,000 అడుగులయొద్దను, దిగుచున్నదానిని 15,000 అడుగులయొద్దను ఉండుమని కంట్రోలరు చెప్పెను. ఎదురుగా విమానము వచ్చుచున్నదని కజకిస్తానువారికి హెచ్చరికయు చేసెను. వారి విమానములో ఇంగ్లీషులో మాటలాడుటకు వేరొక రేడియో ఆపరేటరు ఉండెను. విమానమును నడుపు చేతులు ఒకరివి, విను చెవులు మరియొకరివి. విమానము 15,000 అడుగులయొద్ద నిలువక ఇంకను దిగెను. హర్యానాలోని చర్ఖీ దాద్రీ పట్టణమునకు పైగా రెండును ఢీకొని, 349 మంది మరణించిరి. ఒక్కరును బ్రదుకలేదు. మధ్యవర్తిద్వారా వచ్చు మాట ఎంత పదిలముగా చేతులు మారవలెనో ఆ దుఃఖము మనకు తెలుపుచున్నది.

ఇప్పుడు మన ప్రశ్నకు తిరిగి వత్తము. చెప్పినవాని బాధ్యత ఎక్కడ ముగియును?

కొందరు ఇట్లనవచ్చును: "నా నోటికి నేను జవాబుదారిని గాని ఇతరుల చెవికి కూడ నేనే జవాబుదారినా? వినువాడు చిన్నబిడ్డ కాడు గదా. అతనికిని బుద్ధియున్నది. అర్థము కానియెడల అడుగవలెను. అతని అశ్రద్ధకు నేను దోషినైనయెడల ఈ లోకమున ఎవరును నోరు తెరువలేరు." ఈ వాదము తీసివేయదగినది కాదు. చెప్పేవాడు చాదస్తుడైతే వినేవాడు వివేకి కావలెనని మన పెద్దలును చెప్పియున్నారు. వినువానికి విధి యున్నది. చర్ఖీ దాద్రీలో కంట్రోలరు తాను చెప్పవలసినది చెప్పెను. విచారణలో దోషము దిగివచ్చిన విమానమువారిమీదనే నిలిచెను.

అయినను ఆ సామెతకు తోడుగా ఇంకొకటి కలదు. చెవిటివాని ముందు శంఖ మూదినట్లు అందుము. ఆ మాట పలుకునప్పుడెల్ల మనము చెవిటివానిని చూచియే నవ్వుదుము. వాడు చెవిటివాడని తెలిసియు ఊదుచునే యున్నవాని సంగతి యెవరును అడుగరు. ఊదుట తన పని, వినుట వాని పని యని అతడు తలంచెను గాబోలు. శంఖము ఊదుట ఊదువాని ఆనందము కొరకైనయెడల అది సరియే. వినువాని మేలుకొరకైనయెడల, వినబడినదో లేదో చూచుకొనక విడిచిపెట్టుట సగము పనియే.

మా తలంపు ఇది. మాట యొకరి సొత్తు కాదు, ఇద్దరు కలిసి మోయు బరువు. ఒకడు ఎత్తి రెండవవాని తలమీద పెట్టునప్పుడు, పట్టుకొంటివా యని అడిగి, పట్టుకొంటిననిన తరువాత చేయి విడుచుట మన కూలివారందరికిని తెలిసిన మర్యాద. వాడు పట్టకముందే చేయి విడిచి, "నేను ఎత్తితిని గదా" అనువానిని ఎవరు మెచ్చుదురు? వాడు పట్టుకొంటినని చెప్పి పట్టకపోయినయెడల దోషము వానిదే. గాని అడుగవలసిన విధి మొదటివానిది. తిరిగి పలికించుకొను కట్టుబాటులోని న్యాయమంతయు ఇదియే. అది ఇద్దరిలో ఎవరిని విడిచిపెట్టదు. ఎవరిమీదను మొత్తమంతయు మోపదు.

ఇందుకు మొదటి ఆటంకము మన 'ఊ'. రాత్రివేళ అవ్వ కథ చెప్పుచుండగా పిల్లలు ఊకొట్టుదురు. నిద్రలోనికి జారుచు కూడ ఊకొట్టుదురు. ఊకొట్టుట మాట చెవిని బడెననుటకు గురుతేగాని గ్రహించిరనుటకు గురుతు కాదు. విమానములవారు ఈ భేదమును చక్కగా ఎరిగి, వేరువేరు మాటలు పెట్టుకొనిరి. 'రోజర్' అనగా మీరు పలికినది నాకు చేరినది అని మాత్రమే అర్థము. 'విల్కో' అనగా మీరు చెప్పినట్లు చేయుదును అని అర్థము. అవుననుటకు 'అఫర్మ్' అను ఇంకొక మాట కలదు. మనమైతే ఈ మూటికిని 'సరే' అనియే అందుము. "రేపు కోతకు వత్తువా?" యనగా "సరే." "బాకీ పండుగలోగా తీర్చుదువా?" యనగా "సరే." అది వింటిననుటయా, ఒప్పుకొంటిననుటయా, చేయుదుననుటయా? చెప్పినవాడు తనకు అనుకూలమైన అర్థమునే తీసికొని వెళ్లును. టెనెరిఫెలో 'ఓకే' యను మాట చేసినదియు అదియే. ఆ దుర్ఘటన తరువాత విమానములవారు 'టేకాఫ్' అను మాటను, నిజముగా లేచుటకు అనుమతి ఇచ్చునప్పుడో, ఆ అనుమతిని రద్దుపరచునప్పుడో తప్ప పలుకరాదని నియమించుకొనిరి. అపాయకరమైన మాటను ఊరక వాడరాదని నేర్చుకొనిరి.

రెండవ ఆటంకము భయము, దానికి తోబుట్టువైన మొగమాటము. పెద్దవారిని రెండవసారి అడిగిన కోపపడుదురేమో, చెవిటివాడవా అందురేమో, అర్థముకాని మూఢుడనుకొందురేమో అని చిన్నవారు తలయూపి వెళ్లిపోవుదురు. ఆ ఇంజనీరు ఒకసారి అడిగెను. అంత పెద్దవాడు గట్టిగా చెప్పిన తరువాత రెండవసారి అడుగలేకపోయెను. మేము ఆయనకు తీర్పు తీర్చువారము కాము. ఆయనయు ఆ మంటలలోనే పోయెను. గాని అడుగ ధైర్యము చాలనివాని బలహీనతకంటె, అడుగనీయని పెద్దరికము గొప్ప దోషమని మేము చెప్పుదుము. గట్టిగా చెప్పుట వేరు, సరిగా చెప్పుట వేరు. పెద్దవాని గొంతు ఎంత గట్టిగా నుండునో అంతగా చిన్నవాని సందేహము లోపలనే అణగిపోవును.

సమూయేలు మొదటి గ్రంథము 3వ అధ్యాయములోని సంగతి మీరెల్లరు ఎరుగుదురు. బాలుడైన సమూయేలు రాత్రివేళ పిలుపు విని ముసలివాడైన ఏలీ యొద్దకు పరుగెత్తి వచ్చెను. ఏలీ తాను పిలువలేదని చెప్పి పంపెను. బాలుడు మరల వచ్చెను, మూడవమారును వచ్చెను. నిద్ర చెడినను ఏలీ కసరి పంపలేదు. మొదటిసారి గద్దించియున్నయెడల రెండవసారి ఆ బాలుడు లేచి వచ్చియుండునా? మూడవసారి వచ్చినందుననే అది ఎవరి పిలుపో ఏలీకి తోచెను. పిల్లవాడు మరల మరల అడుగుట అవిధేయత కాదు. పెద్దవాడు మరల మరల ఓర్చుట బలహీనత కాదు.

విమానములవారు ఈ పాఠమును ప్రాణములిచ్చి నేర్చుకొనిరి. 1979లో అమెరికాలోని నాసా సంస్థ ఈ విషయమై ఒక సభ జరిపెను. ఆ తరువాత, క్రిందివారు సందేహమును వెలిబుచ్చవలెననియు, కెప్టెనులు దానిని ఆలకింపవలెననియు విమాన కంపెనీలు తమవారికి శిక్షణనియ్యసాగెను. దాని ఫలము 1989 జూలై 19వ తేదీన కనబడెను. అమెరికాలో 296 మందితో పోవుచున్న యునైటెడ్ కంపెనీ విమానములో తోక ఇంజను పగిలి, విమానమును త్రిప్పు సాధనములన్నియు చెడిపోయెను. ఆల్ హేన్స్ అను కెప్టెను తన తోడివారిని, ప్రయాణికుడుగా వచ్చిన ఇంకొక పైలటును ఆలోచన యడిగి, నలుగురి చేతులతోను నలుగురి బుద్ధితోను ఆ విమానమును సియూ సిటీ విమానాశ్రయమువరకు తెచ్చెను. 112 మంది చనిపోయిరి, గాని 184 మంది బ్రదికిరి. తన కొక్కనికే అన్నియు తెలియునని కెప్టెను అనుకొనకపోవుటవలన అనేకులు రక్షింపబడిరని ఆయనయే తరువాత చెప్పుచు వచ్చెను.

ఇక మన సంగతులకు వత్తము. దుకాణదారుడు పురుగుమందు సీసా చేతికిచ్చి ఇన్ని మిల్లీలీటర్లని చెప్పును. అది ట్యాంకునకా, ఎకరమునకా? రైతు తిరిగి పలికినగాని తెలియదు. ఆసుపత్రిలో నర్సమ్మ, 'రెండు పూటల ఒకటి' అని చెప్పును. ముసలమ్మ 'ఒక పూట రెండు' అని జ్ఞాపకముంచుకొని ఇంటికి వచ్చును. "సరేనా అవ్వా?" అని అడిగిన ప్రయోజనము లేదు. "సరే తల్లీ" అనియే అనును. "ఎట్లు వేసికొందువో ఒకసారి నాకు చెప్పుము అవ్వా" అని అడిగినయెడల ఒక ప్రాణము నిలుచును. పొలము సరిహద్దును గూర్చియు, పెండ్లి మాటలను గూర్చియు, అప్పు వాయిదాను గూర్చియు మధ్యవర్తిచేత కబురంపువారు, చర్ఖీ దాద్రీని జ్ఞాపకము చేసికొని, అతడు వెళ్లకముందు ఆ కబురును అతని నోట ఒకసారి పలికించుకొనవలెను.

వాక్యము చెప్పు మావంటివారికిని ఇందులో పాఠము కలదు. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయములో, లేవీయులు ధర్మశాస్త్రమును చదువుటతో సరిపెట్టక, జనులు గ్రహించునట్లు దాని భావమును తెలిపిరని చూచుచున్నాము. ప్రసంగము ముగిసినదని గడియారము చెప్పును. అది చేరినదో లేదో సంఘస్థులే చెప్పవలెను. గనుక కూడిక ముగిసిన తరువాత, "అయ్యగారూ, ఆ మాట నాకు తెలియలేదండి" అని అడుగువారిని మేము భారమనుకొనము. వారే మా పనిని పూర్తిచేయుచున్నారు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి కలదు. ఈ కాలమున మన గ్రామములలో వృద్ధులైన తల్లిదండ్రులు అనేకులు ఒంటరిగా నున్నారు. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫులోనో ఉండి ఫోను చేయుదురు. "ఎట్లున్నావమ్మా?" అని అడుగుదురు. "బాగానే యున్నాను నాయనా, పరవాలేదు" అని తల్లి చెప్పును. జ్వరమున్నను అట్లే చెప్పును. ఇంటిలో బియ్యము లేకపోయినను అట్లే చెప్పును. బిడ్డ బెంగపడునని, పని మానుకొని వచ్చునని మొగమాటము. న్యూయార్కు ఆకాశములో 'సరిపోవుననుకొందును' అనిన ఆ మర్యాద మాట ఇదియే. అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. అమ్మయైతే తనకొరకు అసలే అడుగదు. గనుక తల్లులారా, తండ్రులారా, కష్టమున్నప్పుడు దానిని దాని పేరుతోనే పిలువుడి. నొప్పి నొప్పియే, ఆకలి ఆకలియే. కుమారులారా, కుమార్తెలారా, మొదటి జవాబుతో ఫోను పెట్టివేయకుడి. "ఏమి తింటివి? ఎప్పుడు తింటివి? మందు ఎన్ని దినములకు మిగిలియున్నది?" అని రెండవ ప్రశ్న వేయుడి.

ఇట్లు తిరిగి అడుగుట అనుమానమని ఎవరును బాధపడనక్కరలేదు. కంట్రోలరు పైలటును నమ్మకపోవుటచేత తిరిగి పలికించుకొనడు. అతని వెనుక కూర్చున్న ప్రాణములను లెక్కలోనికి తీసికొనుటచేత పలికించుకొనును. మనమును ఎదుటివాని తెలివిని శంకించి అడుగుట లేదు. మాట దారిలో చెడిపోగలదని ఎరిగి, అతనిమీది ప్రేమచేత అడుగుచున్నాము.

గనుక మా జవాబు ఇది: "చెప్పితిని" అనుట చాలదు. "అతడు గ్రహించెనని నేను వింటిని" అనగలిగిననాడు చెప్పినవాని ఋణము తీరును. "వింటిని" అనుట చాలదు. "నేను గ్రహించినది ఇది, సరియేనా?" అని అడిగిననాడు విన్నవాని ఋణము తీరును. ఈ నెలలో ప్రతి గృహమునందును ఒక ముఖ్యమైన సంగతినైనను ఈ విధముగా చెప్పి, తిరిగి చెప్పించుకొని చూడుడని మా మనవి. మొదట పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు. రెండవసారి అడుగుటకు వారు మనయెదుట భయపడక నేర్చుకొందురు గదా.